తుంగభద్రకు ఈవల మొదటి ఓటు

పోయిన దసరా సెలవుల్లో స్వర్ణోత్సవ కమిటీ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బడి ప్రహరీగోడ రోడ్డు వైపు అరవై అడుగులు ఖాళీగా ఉంది. బొమ్మలు వేయిద్దామనుకుంటున్నాం. ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినదానివి, ఏం వేయాలో నువ్వే చెప్పు" అన్నాడు. నేను ఆలోచించకుండానే "మన పల్లెల ఆడవాళ్లు మొదటిసారి ఓటేసిన రోజు వేయండి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఓటుకు బొమ్మేముంటదక్కా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. సంచికకు రెండు పేజీలన్నారు, నాలుగైనట్టున్నాయి. సంపాదక మిత్రులు మన్నించాలి.

మన బడి హాస్టల్లో గద్వాల పిల్లలు, వనపర్తి పిల్లలు, నాగర్‌కర్నూల్ పిల్లలు ఒకే వరుసలో పళ్లేలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. మాది గద్వాల అంటే మాది వనపర్తి అని, రాజుల కోటలు ఎవరివి పెద్దవని కొట్లాడుకునేవాళ్లం. నాగర్‌కర్నూల్ వాళ్లకు కోట వాటా లేదు గనుక "మాది ఒకప్పుడు జిల్లా కేంద్రం" అని గట్టిగా అరిచేవాళ్లు. ఆ పిల్లల గొడవలో నిజమైన చరిత్ర ఉందని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. గద్వాల ఒక సంస్థానం, వనపర్తి ఒక సంస్థానం, నాగర్‌కర్నూల్ నిజాం దివానీ ఇలాకా. ముగ్గురి మీదా నిజాం ఉన్నాడు. పన్ను ఎవరికి కట్టాలో, ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలో మూడు చోట్లా మూడు రకాలు. ఒక్క సంగతిలో మాత్రం మూడూ సమానం. ఓటనే మాట ఈ మూడు ఊళ్లలో మామూలు మనిషికి, మగవాడికైనా సరే, తెలియదు.

తుంగభద్ర దాటితే కథ వేరు. అవతల కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1921 ఏప్రిల్‌లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటివ్వాలని తీర్మానించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. అంతకు నాలుగేళ్ల ముందు, 1917 డిసెంబరులో, భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు ఆడవాళ్ల బృందం ఒకటి ఆయన్ను కలిసి, మగవాళ్లకు ఏ హక్కులిస్తే మాకూ అవే ఇవ్వండని అడిగింది. ఆ బృందానికి ముందు నిలబడ్డది సరోజినీ నాయుడు, మన హైదరాబాదు ఆవిడ. దేశం ఆడవాళ్లందరి కోసం ఓటు అడిగిన మనిషి సొంత ఊరు, ఎవరికీ ఓటులేని నిజాం రాజధాని. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

అయితే 1921 ఓటును చూసి మురిసిపోవడానికీ లేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టి ఉండాలి. ఆస్తి ఆడదాని పేరున ఎక్కడుంటుంది? భర్త పోయి, కొడుకులు చిన్నవాళ్లై, పట్టా తప్పనిసరై ఆమె పేరు మీదికొస్తే ఉంటుంది. 1935 చట్టంతో చదువొచ్చిన ఆడవాళ్లకూ, ఆస్తిపరుల భార్యలకూ కొంత అవకాశం పెరిగి, బ్రిటిష్ ఇండియా మొత్తం మీద సుమారు 60 లక్షల మంది స్త్రీలు ఓటర్లయ్యారు. కూలికి పోయే ఆడవాళ్లెవరూ ఆ లెక్కలో లేరు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయనమ్మది కర్నూలు. నడిగడ్డలో మా తాతకిచ్చి చేశారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల గనుక నడిగడ్డ. పుట్టిల్లు నదికి ఆ ఒడ్డున, మెట్టినిల్లు ఈ ఒడ్డున. నాయనమ్మ అక్క చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుంది, పొలం ఆమె పేరున పడింది. 1937 ఎన్నికల్లో ఆమె కర్నూలులో ఓటేసింది. మద్రాసు రాష్ట్రంలో ఆ ఎన్నికల్లో కాంగ్రెసుది పసుప్పచ్చ పెట్టె. "మా అక్క పసుప్పెట్టెలో ఓటేసొచ్చింది" అని నాయనమ్మ మాకు చెప్పేది, అక్క ఏదో తీర్థానికి పోయొచ్చినట్టు. తనకు మాత్రం ఆ భాగ్యం లేదు. పుట్టిలో కూర్చుంటే కాసేపట్లో దాటే నది. ఆ ఒడ్డున అక్క ఓటరు, ఈ ఒడ్డున చెల్లెలు ఎవరూ కాదు. నిజానికి ఆ అక్కకు వచ్చిన ఓటు కూడా బొట్టు పోయాక వచ్చిన ఓటే.

ఈ ఒడ్డున అధికారం ఆడవాళ్లకు కొత్తేమీ కాదని ఎవరైనా అంటారేమో. గద్వాల సంస్థానాన్ని 1924 నుంచి సంస్థానాలు పోయేదాకా ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. భర్త సీతారామభూపాలుడు పోయాక నిజాం సర్కారు సంస్థానాన్ని చేతుల్లోకి తీసుకుంటే, పోరాడి తిరిగి తెచ్చుకున్నదావిడ. కవులను ఆదరించింది. మన గోడకు ఆవిడ బొమ్మే వేద్దామని కమిటీలో సగం మంది అన్నారు. వేయండి, నాకు అభ్యంతరం లేదు. కానీ రాణి ఏలడం వేరు, ఆడది ఓటేయడం వేరు. రాణిగారి ఏలుబడిలో ఉన్న ఆడవాళ్లు దరఖాస్తు పెట్టుకోగలరు, దండం పెట్టుకోగలరు. ఎన్నుకోలేరు. మన ఊళ్లలో చరిత్ర అనగానే కోట, రాణి, కత్తి వచ్చి ముందు నిలబడతాయి. వాటి నీడలో మిగతావాళ్లు కనపడరు.

మిగతావాళ్లు ఊరుకోలేదు కూడా. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభలతో పాటు ఆంధ్ర మహిళాసభలూ జరిగాయి. మొదటి మహిళాసభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో 1936లో అయిదో మహాసభ జరిగినప్పుడు మహిళాసభకు బూర్గుల అనంతలక్ష్మీదేవి అధ్యక్షత వహించారు. ఆ సభల్లో ఎక్కువగా మాట్లాడింది చదువు గురించి, బాల్యవివాహాల గురించి, పర్దా గురించి. ఓటు ఊసు తక్కువ. ఉండదు మరి. 1939లో నిజాం ప్రకటించిన సంస్కరణలు కూడా వృత్తుల వారీ ప్రాతినిధ్యం అన్నాయే తప్ప మనిషికో ఓటు అనలేదు. మగవాడికే లేనిదాన్ని ఆడది ఎవరినని అడుగుతుంది? అందుకే మన దగ్గర ఆడవాళ్ల ఓటు కోసం జరిగిన పోరాటాన్ని విడిగా వెతికితే దొరకదు. అది బడి కోసం, భూమి కోసం, వెట్టి పోవడం కోసం జరిగిన పోరాటాల్లోనే కలిసిపోయి ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల మాటలను వాళ్ల నోటితోనే చెప్పించారు. అది చదివాక నేను తరగతిలో చరిత్ర చెప్పే తీరే మారింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. మరుసటి ఏడు జాగీర్ల రద్దు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. రాజ్యాంగ సభలో 15 మంది స్త్రీలున్నారు, మన తెలుగు దుర్గాబాయి వారిలో ఒకరు. హైదరాబాదు రాజ్యం తరఫున మాత్రం ఆ సభలో ఒక్కరూ కూర్చోలేదు. మన ప్రతినిధి లేకుండానే, మన ఆడవాళ్లు అడగకుండానే, 326వ అధికరణం వాళ్ల చేతికి ఓటిచ్చింది. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. 21 ఏళ్లు నిండితే చాలు. కర్నూలు అక్క విధవరాలై సంపాదించుకున్నది నడిగడ్డ చెల్లెలికీ, ఆమె పొలంలో కలుపు తీసే ఆడమనిషికీ ఒకే రోజు వచ్చింది.

రావడానికి ముందు పేరు రాయాలి కదా. కథంతా అక్కడే ఉంది.

తొలి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్‌కు వచ్చిన పెద్ద చిక్కుల్లో ఒకటి ఆడవాళ్ల పేర్లు. చాలాచోట్ల ఆడవాళ్లు పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచేది లేదని కమిషన్ పట్టుబట్టింది. దేశంలో సుమారు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో 28 లక్షల మంది పేర్లు అలా ఎగిరిపోయాయి. ఎక్కువ భాగం బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు. మన దక్షిణాన ఈ బెడద అంత లేదు. అయితే అసలు లేదనుకోకండి.

మన వైపు కోడలిని పేరుతో పిలవరు. పుట్టినూరితో పిలుస్తారు. అలంపూరామె, అయిజామె, కొత్తకోటామె. మా నాయనమ్మ "కర్నూలామె". పెళ్లయిన నాటి నుంచి ఆమె పేరు ఇంట్లో ఎవరి నోటా పలికింది లేదు. ఓటర్ల జాబితా రాయడానికి పట్వారీ వచ్చినప్పుడు అరుగు మీద మా తాత, లోపల గడప దగ్గర మా ముత్తవ్వ. మగవాళ్ల పేర్లయ్యాక, "ఆడోళ్లు ఎవరెవరు?" అన్నాడట. ముత్తవ్వ తన పేరు చెప్పి, "ఇంగ కర్నూలామె ఉంది, రాస్కో" అందట. పట్వారీ కలం ఆపి, "అది ఊరమ్మా, పేరు గావాల" అన్నాడట. మా తాత భార్య పేరు పలకడానికి మొహమాటపడి గొంతు సవరించుకున్నాడట. అప్పుడు తలుపు వెనక నుంచి నాయనమ్మే తన పేరు చెప్పింది. ఒకసారి చెబితే వినపడలేదని రెండోసారి గట్టిగా చెప్పింది. "పదిహేనేండ్ల తర్వాత నా పేరు నాకే కొత్తగ ఇనిపించింది" అనేది. ఓటు వేసిన రోజు గురించి ఆమె తక్కువ మాట్లాడేది. ఈ తలుపు సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

1952లో వనపర్తి నియోజకవర్గం నుంచి గెలిచింది సురవరం ప్రతాపరెడ్డి. నడిగడ్డ బిడ్డ, గోలకొండ పత్రిక సంపాదకుడు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల దండయాత్రలను పక్కనబెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలు రాసిన మనిషికి మొదటి ఓట్లు వేసినవాళ్లలో మన వనపర్తి పల్లెల ఆడవాళ్లున్నారు. ఇది గోడ మీద వేయదగ్గ బొమ్మ కాదా? అదే ఎన్నికల్లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, శాలిబండ నుంచి మాసూమా బేగం హైదరాబాదు శాసనసభకు వెళ్లారు. వనపర్తి తొలిసారి ఒక స్త్రీని శాసనసభకు పంపింది 1962లో. ఆమె వనపర్తి సంస్థానం కోడలు రాణి కుముదినీ దేవి. అదే ఏడు హైదరాబాదు నగరానికి తొలి మహిళా మేయరూ అయ్యారు. అంతకు ముందే కుష్ఠు రోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద ఆశ్రమాన్ని నిలబెట్టిన మనిషి. మళ్లీ రాణిగారే గదా అని నా స్నేహితురాలొకామె మూతి విరిచింది. నిజమే. కానీ ఈ రాణిగారు జనం దగ్గరికి వచ్చి ఓటు అడగాల్సి వచ్చింది. తేడా అక్కడుంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం.

ఓటుకు బొమ్మేముంటుందని తమ్ముడు అడిగాడు గదా, బయట ప్రపంచంలో ఏం చేశారో చూశాను. 2018లో బ్రిటన్‌లో ఆడవాళ్లకు మొదటిసారి కొంతమేర ఓటొచ్చి వందేళ్లయింది. లండన్ పార్లమెంటు ఎదుటి చౌకులో అప్పటిదాకా ఉన్నవన్నీ మగవాళ్ల విగ్రహాలే. జిలియన్ వేరింగ్ అనే కళాకారిణి మిల్లిసెంట్ ఫాసెట్ విగ్రహాన్ని అక్కడ నిలబెట్టింది. నాకు నచ్చింది విగ్రహం కన్నా దాని దిమ్మె. ఉద్యమంలో పనిచేసిన మరో 59 మంది పేర్లు, ముఖాలు ఆ దిమ్మె చుట్టూ చెక్కారు. అందులో పంజాబు రాజవంశపు సోఫియా దులీప్ సింగ్ కూడా ఉంది. అదే ఏడు జూన్‌లో లండన్, కార్డిఫ్, ఎడిన్‌బరో, బెల్‌ఫాస్ట్ వీధుల్లో ఆడవాళ్లు వేలాదిగా నడిచారు. ఒక్కో ఊరి మహిళా బృందం కళాకారులతో కూర్చుని సొంతంగా కుట్టుకున్న జెండాలు పట్టుకుని నడిచింది. పాత ఉద్యమంలోనూ అంతే, సూదీ దారమే వాళ్ల పత్రిక. 1911 జూన్‌లో లండన్‌లో జరిగిన పెద్ద ఊరేగింపులో చీరలు కట్టుకున్న మనవాళ్లు కొందరు నడిచిన ఫొటో ఉంది. ఆ ఫొటో చూసి గర్వపడవచ్చు. కానీ ఆ ఊరేగింపులో వాళ్లు సామ్రాజ్యానికి అలంకారంగా నడిచారని కూడా గుర్తుంచుకోవాలి. వాళ్లు అడిగిన ఓటు దొరలకు దొరికింది, మనకు కాదు.

మన దగ్గర, హైదరాబాదు కళాకారిణి వరుణికా సరాఫ్ 'వి, ద పీపుల్' అనే పేరుతో స్వాతంత్ర్యం తర్వాతి దేశ చరిత్ర ఘట్టాలను గుడ్డ మీద చిన్న చిన్న కుట్టుబొమ్మలుగా చేసింది. పత్రికల్లో ఒకరోజు కనపడి మరునాడు పొట్లాలకు పోయే ఫొటోలను ఒక్కో పోగుగా, రోజుల తరబడి కూర్చుని కుట్టడం. తొందరగా మరిచిపోయేదాన్ని నిదానంగా గుర్తుచేసుకోవడం ఆ పనిలో నాకు కనపడింది.

సూది, పోగు అనగానే మన కమిటీలో అందరికీ గద్వాల చీర గుర్తొచ్చింది. గోడ చుట్టూ కోటకొమ్మ అంచు వేసేద్దాం అన్నారు. నేను వద్దన్నాను. గద్వాల అంటే చీర, చీర అంటే ఆడది, అయిపోయింది అనుకుంటే అది అట్టపెట్టె మీది బొమ్మ అవుతుంది. కానీ ఆ చీర ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. నూలు ఒంటికి పట్టు అంచును కుట్టు పద్ధతిలో, పోగుకు పోగు ముడివేసి కలుపుతారు. నేత మగ్గం మగవాడి పేరున ఉంటుంది. కండెలు చుట్టేది, పోగులు సరిచేసేది ఇంటి ఆడవాళ్లు. పొద్దంతా పనిచేసినా నేతకారుడి లెక్కలో వాళ్ల పేరుండదు. ఇక్కడా పేరు సంగతే. ఆ కండెలు చుట్టే చేతులు వేస్తామంటే అంచు వేయండి అన్నాను. ఒప్పుకున్నారు.

బొమ్మ వేసే అమ్మాయి మన బడిలోనే చదివి హైదరాబాదులో చిత్రకళ నేర్చుకుంది. మొదటి నమూనా పట్టుకొచ్చింది. అందులో ముసుగేసుకున్న అవ్వ ఓటుకాగితం మీద ముద్ర గుద్దుతోంది. బొమ్మ బాగుంది, చరిత్ర తప్పు. 1952లో ముద్ర లేదు. ఓటుకాగితం రూపాయి నోటంత ఉండేది. దాని మీద అభ్యర్థి పేరు లేదు, గుర్తూ లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు, కాడెద్దులో మర్రిచెట్టో. తెర చాటుకు పోయి నచ్చిన పెట్టెలో వేయాలి. ముద్ర గుద్దే పద్ధతి దేశమంతటికీ వచ్చేసరికి 1962 ఎన్నికలు. ఈ మాట చెబితే ఆ అమ్మాయి ముఖం వెలిగింది. "అయితే మేడం, ఆమె ఏ పెట్టెలో వేసిందో మనం చూపించొద్దు. తెర మాత్రమే వేస్తాను, తెర కింద పాదాలు కనపడతాయి" అంది. నలభై ఏళ్లు చదివిన పుస్తకాల్లో నాకు తట్టనిది ఇరవై నాలుగేళ్ల పిల్లకు తట్టింది. రహస్య బ్యాలెట్ అంటే అదే గదా. మొగుడికీ, పటేలుకూ, దొరకూ కనపడని జాగా ఆమెకు అంతకు ముందు ఎక్కడుంది?

పాదాలకు మెట్టెలుండాలా వద్దా అని మళ్లీ గంటసేపు వాదన. నాలుగు జతల పాదాలు వేయడానికి కుదిరింది. మెట్టెలున్నవి, లేనివి, కడియాలున్నవి, నాట్ల బురద ఆరనివి. ఎడమ చూపుడు వేలి మీద సిరా చుక్క పెద్దగా వేస్తామంటే సెల్ఫీల కోసమా అని విసుక్కున్నాను గానీ, దానికి ఓటింగ్ పెట్టారు, నేను ఓడిపోయాను. చుక్క ఉంటుంది.

అన్నింటికన్నా చిక్కు మిగతా ముప్పై అడుగుల గోడ. అక్కడ ఒక జాబితా వేస్తున్నాం. ఓటర్ల జాబితా లాగా గీతలు, వరుస సంఖ్యలు, పేరు కోసం ఖాళీ గడి. ఉత్సవం రోజున పూర్వ విద్యార్థులు, ఇప్పటి పిల్లలు, తమ ఇంట్లో 1952లో మొదటి ఓటు వేసిన ఆడమనిషి సొంత పేరు ఆ గడిలో రాయాలి. ఫలానా వారి భార్య అని కాదు, ఊరి పేరుతో కాదు. ఈ మాట బడిలో చెబితే ఎనిమిదో తరగతిలో నలభై మందిలో ముత్తవ్వ పేరు తెలిసినవాళ్లు ఆరుగురు. "మా ముత్తవ్వను పెబ్బేరామె అంటారు మేడం" అంది ఒక పిల్ల. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన మగపిల్లలు ఇద్దరు, తాత పేరూ ముత్తాత పేరూ సర్వే నంబర్లతో సహా రాసి, అవ్వ పేరు దగ్గర చుక్కలు పెట్టారు. ఒకాయన పాత రేషన్ కార్డు వెతికి తీశాడు. ఇంకొకాయన మేనత్తకు ఫోన్ చేస్తే, ఆవిడ ఏడ్చిందట. తల్లి పేరు ఎవరైనా అడగడం ఆవిడకు అదే మొదటిసారి.

ఇవాళ మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. సర్పంచి సంతకం ఆమెది, మాట ఆమె భర్తది అయిన ఊళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది ఇంకో గోడ, ఇంకో వ్యాసం.

రంగులు తెచ్చే పని 1984 బ్యాచ్ ఒప్పుకుంది. గోడకు సున్నం కొట్టడం అయిపోయింది. ఉత్సవానికి వచ్చేవాళ్లంతా ఇంటి నుంచి బయలుదేరే ముందు పెద్దవాళ్లను అడిగి ఒక పేరు తెచ్చుకోండి. బ్రష్షులు అక్కడే ఉంటాయి. మా నాయనమ్మ పేరు ఈ వ్యాసంలో కావాలనే రాయలేదు. జాబితాలో మొదటి గడి నాకే ఇచ్చారు, అక్కడ రాస్తాను.